మంచు కదలికను ముందే పసిగట్టిన అట్‌వాటర్

సియాచిన్ హిమానీనదంపై 2016 ఫిబ్రవరి 3న జరిగిన దుర్ఘటన తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 19 వేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉన్న సోనమ్ సైనిక స్థావరంపై మంచు గోడ విరిగిపడి, మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన 10 మంది సైనికులు సజీవ సమాధి అయ్యారు. వారిలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా బిడ్డ. ఆరు రోజుల తర్వాత ఒకే ఒక్క సైనికుడిని కొన ఊపిరితో వెలికితీసినా, ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న ఆయన కూడా కన్నుమూశారు. ఎండలు తప్ప మంచు ముఖం చూడని రాయలసీమ పల్లెకు మంచు కింద చావు కబురు చేరింది.

కొండ మీద పేరుకున్న మంచు ఎప్పుడు జారుతుందో ముందుగా తెలుసుకునే దారి లేదా అన్న ప్రశ్న అప్పట్లో చాలామందిని వేధించింది. ఈ ప్రశ్న పాతదే. దీనికి జవాబు కోసం మంచు తుపానుల్లో ఏళ్ళ తరబడి కాపు కాసి, అమెరికాలో మంచుచరియల అంచనాకు, నివారణకు పునాది వేసిన వ్యక్తి మాంట్‌గొమరీ అట్‌వాటర్. సన్నిహితులకు ఆయన మాంటీ. వృత్తిరీత్యా శాస్త్రవేత్త కాదు. పిల్లల కథలు రాసుకునే రచయిత, ఆపై సైనికుడు. నలభై ఏళ్ళు దాటిన తర్వాత దొరికిన ఒక చిన్న ప్రభుత్వోద్యోగం ఆయన పేరును మంచుకొండల చరిత్రలో నిలిపింది.

గనుల ఊరిలో బాల్యం

మాంట్‌గొమరీ మీగ్స్ అట్‌వాటర్ 1904లో ఒరెగాన్ రాష్ట్రంలోని బేకర్ సిటీలో జన్మించారు. తండ్రి మాక్స్‌వెల్ అట్‌వాటర్ గనుల ఇంజినీరు. తల్లి మేరీ మీగ్స్ అట్‌వాటర్ కొడుకు కంటే ముందే పేరు గడించిన మనిషి. చిత్రకళ అభ్యసించిన ఆమె, మోంటానా రాష్ట్రంలోని బేసిన్ అనే గనుల ఊరికి చేరాక మగ్గం పట్టారు. అమెరికా పల్లెల్లో కనుమరుగవుతున్న పాత నేత నమూనాలను ఊరూరా సేకరించి, 1928లో వాటిపై పెద్ద గ్రంథం వెలువరించారు. మన మంగళగిరి, పోచంపల్లి నేతకారులకు ఆమె పేరు తెలియకపోవచ్చు గానీ, అమెరికా చేనేతకు జీవం పోసిన వారిలో ఆమెను ముందు వరుసలో చెబుతారు. ఒక్కో పోగును లెక్కించి నమూనాను గుర్తుపట్టే ఓర్పు ఆ ఇంట్లో ఉండేదన్న మాట. కొడుకు తర్వాతి కాలంలో మంచు పొరలను పరిశీలించిన తీరు చూస్తే ఈ విషయం గుర్తుకు రాక మానదు.

1919లో తండ్రి మరణించారు. అప్పటికి మాంటీ ఇంకా కౌమారం దాటలేదు. చదువు సాగించి 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు. హార్వర్డ్ పట్టాతో నగరంలో కొలువు వెతుక్కోకుండా కొండలకే తిరిగి వచ్చి రచనను జీవనోపాధిగా చేసుకున్నారు. అడవులు, వేటగాళ్ళు, అటవీ రక్షకుల చుట్టూ అల్లిన బాలల నవలలు ఆయనకు పేరు తెచ్చాయి. 1943లో వెలువడిన ఒక నవలకు స్కీ పెట్రోల్ అని పేరు పెట్టడం విశేషం. మంచు మీద కాపలా కాసే ఉద్యోగం ఆయనకు నిజంగా దక్కడానికి అప్పటికి ఇంకా రెండేళ్ళ సమయం ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం మంచు ప్రాంతాల్లో పోరాడేందుకు పర్వత దళాన్ని సిద్ధం చేసింది. కొలరాడోలోని క్యాంప్ హేల్‌లో ఆ దళానికి శిక్షణ ఇచ్చిన వారిలో అట్‌వాటర్ ఒకరు. తర్వాత యుద్ధరంగంలో గాయపడి ఇంటికి చేరారు. కొండలు ఎక్కడం, స్కీలు తొడిగి జారడం, పేలుడు పదార్థాలను చేతబట్టడం ఆయనకు సైన్యం నుంచి అబ్బిన విద్యలు. మూడూ అక్కరకు వచ్చాయి.

వెండి లోయలో తెల్లని మృత్యువు

యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్‌లేక్ సిటీకి సమీపంలో లిటిల్ కాటన్‌వుడ్ అనే ఇరుకైన లోయ ఉంది. దాని ఎగువన ఉన్న ఊరు ఆల్టా. 1870వ దశకంలో వెండి గనుల వల్ల వెలసిన ఊరు అది. గనుల కోసం, ఇళ్ళ కోసం చుట్టుపక్కల కొండల మీది చెట్లను నరికివేశారు. మంచును పట్టి ఉంచే వృక్షాలు పోవడంతో వాలులన్నీ నున్నగా మిగిలాయి. ఆ తర్వాత చలికాలాల్లో మంచుచరియలు పదుల సంఖ్యలో గని కార్మికులను పొట్టన పెట్టుకున్నాయి. 1885లో ఊరిలో ఎక్కువ భాగం మంచు కింద నాశనమైంది. వెండి ధర పడిపోయాక ఊరు ఖాళీ అయింది.

మళ్ళీ ఆ ఊరికి ప్రాణం పోసింది స్కీయింగ్. గనుల భూములు అమెరికా అటవీ శాఖ చేతికి వచ్చాయి. 1939 ఆరంభంలో అక్కడ కుర్చీ లిఫ్టు తిరగడం మొదలైంది. లోయలో ఏటా సగటున 500 అంగుళాల మంచు కురుస్తుంది. పిండిలా తేలికైన ఆ మంచు కోసం జనం వెల్లువెత్తారు. గని కార్మికులను చంపిన వాలుల మీదికే వేడుక కోసం వందలాది మందిని అనుమతించాల్సి వచ్చింది. పైగా ఊరికి ఉన్న ఒకే రోడ్డు డజన్ల కొద్దీ మంచుచరియల దారులకు అడ్డంగా సాగుతుంది. కింద కారు వెళ్తుండగా పైన మంచు కదిలితే తప్పించుకునే చోటు ఉండదు.

అమెరికాకు ఈ ప్రమాదం కొత్త కాదు. 1910 మార్చి 1న వాషింగ్టన్ రాష్ట్రంలోని వెల్లింగ్టన్ వద్ద నిలిచి ఉన్న రెండు రైళ్ళను మంచుచరియ లోయలోకి నెట్టివేయగా 96 మంది చనిపోయారు. ఆ దేశంలో ఇంతకు మించిన మంచుచరియ దుర్ఘటన నేటికీ లేదు. అయినా ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించే పని అక్కడ చాలాకాలం మొదలు కాలేదు. స్విట్జర్లాండ్‌లో మాత్రం 1930వ దశకంలోనే దావోస్ పట్టణానికి ఎగువన పరిశోధకులు మంచును గొయ్యి తవ్వి, పొరలు కొలిచి, స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. అమెరికాలో కొలతలు తీసిన ఒకరిద్దరు రేంజర్లు తప్ప చెప్పుకోదగ్గ కృషి లేదు.

1945లో అట్‌వాటర్ ఆల్టాకు స్నో రేంజర్‌గా వచ్చారు. అంటే మంచు మీద కాపలా ఉద్యోగి. మంచుచరియల గురించి అప్పటికి తనకు తెలిసింది దాదాపు శూన్యమని ఆయన తర్వాత దాచుకోకుండా రాసుకున్నారు.

పది సంకేతాలు

మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కో తుపానుకు ఒక్కో పొర చొప్పున చలికాలమంతా పేరుకుంటుంది. ఎండకు కరిగి గట్టిపడిన పెచ్చు ఒకటి, గాలి మోసుకొచ్చి దట్టంగా పేర్చిన పలక ఒకటి, నేలకు దగ్గరగా చక్కెర పలుకుల్లా విడివిడిగా మారిన గింజల పొర ఒకటి. బియ్యం పరచిన పీట మీద పలకను ఉంచి పీటను నెమ్మదిగా వంచితే ఏమవుతుందో, 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద గట్టి పలక కింద గింజల పొర ఉంటే అదే అవుతుంది. అప్పటిదాకా నిశ్చలంగా ఉన్న వాలు పై భాగాన గీత గీసినట్లు చీలి, ఎకరాల మేర పలక ఒక్కసారిగా కిందికి కదులుతుంది. దానికి ఒక మనిషి బరువు చాలు.

ఆల్టాలో అట్‌వాటర్ చేపట్టిన మొదటి పని తుపానును ఆసాంతం లెక్కగట్టడం. కొలబద్దలు నాటి గంటగంటకూ మంచు లోతు చూశారు. కురిసిన మంచులో ఎంత నీరు ఉందో కరిగించి తూచారు. గాలి వేగం, దిశ, ఉష్ణోగ్రత నమోదు చేశారు. ఏ వాలు ఎప్పుడు జారిందో పక్కనే రాసి పెట్టారు. తుపాను రాత్రి వస్తే రాత్రంతా మేలుకుని ఉండాల్సిందే. ఇలా కొన్ని చలికాలాలు గడిచాక ఆ పట్టికల్లో ఒక వరుస కనిపించసాగింది. అటవీ శాఖ పర్యవేక్షణాధికారి ఫెలిక్స్ కోజియోల్ ఆయనకు అండగా నిలిచారు. ఇద్దరి పేరిట ఆల్టా పరిశీలనల నివేదిక 1940వ దశకం చివరలో వెలువడింది. 1950వ దశకం ఆరంభంలో అటవీ శాఖ తొలి మంచుచరియల కరదీపిక కూడా వారి చేతుల మీదుగానే వచ్చింది.

అట్‌వాటర్ తేల్చిన సంకేతాలు పది. పాత మంచు ఎంత లోతున ఉంది, దాని పైభాగం ఎలా ఉంది, కొత్త మంచు ఎంత కురిసింది, అది ఏ రకం, ఎంత బరువు, ఎంత వేగంగా పడుతోంది, అందులో నీటి పాలు ఏ వేగంతో పెరుగుతోంది, పడిన మంచు ఏ మేరకు అణిగింది, గాలి ఎలా ఉంది, ఉష్ణోగ్రత ఎటు కదులుతోంది. వింటే సాదా విషయాల్లా ఉంటాయి. కానీ ఒక్కోదాని వెనుక ఒక్కో కారణం ఉంది. పాత మంచు తక్కువగా ఉంటే రాళ్ళు, పొదలు పైకి పొడుచుకు వచ్చి కొత్త మంచును పట్టి ఉంచుతాయి. అవి పూర్తిగా కప్పుకుపోయాక పట్టు ఉండదు. మంచు పడిన కొద్దీ తన బరువుకు తానే అణిగితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయని, వాలు కుదురుకుంటోందని గుర్తు. అణగకపోతే ఇంకా వేచి ఉండాలి.

వీటిలో ఆయన అన్నిటికన్నా మిన్నగా నమ్మింది ఏడో సంకేతాన్ని. ఎంత మంచు పడిందన్నది కాదు, ఎంత బరువు ఎంత తొందరగా పడిందన్నదే అసలు సంగతి అని ఆయన పట్టికలు చెప్పాయి. గంటకు 0.1 అంగుళం నీటికి సరిపడా మంచు పడుతూ, దానికి బలమైన గాలి తోడైతే ఆల్టాలో వాలులు జారడం దాదాపు ఖాయం. అదే బరువు మూడు రోజుల పాటు నెమ్మదిగా పడితే మంచు సర్దుకుంటుంది. గాలి మరో ద్రోహి. ఆకాశం నుంచి చినుకంత మంచు రాలకపోయినా, కొండ ఒక వైపు ఊడ్చిన మంచును అవతలి వాలు మీద గంటల్లో గుట్టగా పోస్తుంది. నీలాకాశం చూసి మురిసిన వారిని పొట్టన పెట్టుకునేది ఇలాంటి వాలులే.

ఈ ఫలితాలను ఆయన 1954 జనవరిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ద్వారా సామాన్య పాఠకుల ముందుంచారు. కథలు రాసిన చేయి కావడంతో వ్యాసం అందరికీ అర్థమయ్యేలా సాగింది.

చంపిన ఫిరంగే కాపలాదారు

సంకేతాలు ప్రమాదం ఉందని చెబుతాయి. ఏ క్షణాన జారుతుందో చెప్పలేవు. అందుకని అట్‌వాటర్ మరో దారి తొక్కారు. జారబోయే మంచును కింద ఎవరూ లేని వేళ తామే జార్చివేయడం ఆ దారి.

మొదటి పద్ధతి మనుషులతోనే. ఇద్దరు రేంజర్లు తెల్లవారక ముందే కొండకొమ్ముకు చేరేవారు. ఒకరు వాలు పై అంచున స్కీలతో అడ్డంగా కోసుకుంటూ ఆవలి సురక్షిత స్థలానికి దూసుకెళ్ళేవారు. రెండో మనిషి కళ్ళార్పకుండా చూస్తూ నిలబడేవారు. మంచు కదిలితే మొదటి మనిషి ఎక్కడ మునిగాడో గుర్తుంచుకోవడమే ఆయన పని. ఇద్దరూ ఒకేసారి వాలు మీదికి వెళ్ళకూడదన్న నియమం అలా పుట్టిందే. ఈ పనిలో అట్‌వాటర్ స్వయంగా ఒకసారి మంచుచరియలో చిక్కి, దొర్లుతూ కొట్టుకుపోయి, ప్రాణాలతో బయటపడ్డారు. ఆ అనుభవాన్ని తర్వాత తన పుస్తకంలో వివరంగా వర్ణించారు.

రెండో పద్ధతి పేలుడు. యుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిన పేలుడు పదార్థాలను తెప్పించి, కొమ్ముల మీద వేలాడే మంచు చూరులను, గాలి పేర్చిన పలకలను పేల్చి చూశారు. ఫలితం బాగుంది. అయితే తుపాను నడుమ పేలుడు పదార్థాన్ని వీపున వేసుకుని కొండెక్కడం కూడా చావుతో చెలగాటమే. రోడ్డుకు ఎదురుగా నిలిచిన ఎత్తైన శిఖరాలకు చేరడం అసలే సాధ్యం కాదు.

అక్కడ అక్కరకు వచ్చింది ఫిరంగి. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటి 75 మిల్లీమీటర్ల ఫ్రెంచి ఫిరంగిని 1949లో యూటా నేషనల్ గార్డ్ దళం ఆల్టాకు తెచ్చింది. మొదట్లో సైనికులే గురిపెట్టి పేల్చేవారు. లోయలో నిలబడి, మైలు దూరంలోని వాలు మీదికి గుండు పంపి మంచును దించవచ్చని రుజువైంది. గురి లెక్కలను ముందే రాసి పెట్టుకుంటే చీకట్లోనూ, కన్ను కానరాని తుపానులోనూ కాల్చవచ్చు. తర్వాతి కాలంలో అమెరికా కొండదారుల్లో ఫిరంగుల వాడకం దశాబ్దాల పాటు సాగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మంచు మీదికి ఫిరంగి గురిపెట్టడం ఆయన కనిపెట్టిన విద్య కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆల్ప్స్ పర్వతాల మీద ఆస్ట్రియా, ఇటలీ సేనలు శత్రు శిబిరాల ఎగువన ఉన్న మంచును కాల్చి వారి మీదికి దించేవి. 1916 డిసెంబరు 13న మార్మొలాడా శిఖరం వద్ద ఆస్ట్రియా సైనికుల శిబిరంపై మంచుచరియ దానంతటదే విరుచుకుపడి సుమారు 270 మంది చనిపోయారు. ఆ యుద్ధంలో కొండల మీద తూటాలతో పోటీపడి మంచు సైనికులను చంపింది. అదే తరం ఫిరంగి మూడు దశాబ్దాల తర్వాత ఆల్టాలో జనాన్ని కాపాడే పనికి కుదిరింది.

రోడ్డు మూయడమా, తెరవడమా

ఫిరంగి కన్నా బరువైన పని ఆయనకు మరొకటి ఉండేది. తుపాను వేళ రోడ్డు మూయాలా, వాలులను మూయాలా అన్న నిర్ణయం రేంజర్ మాట మీద నడిచేది. సెలవు రోజున నగరం నుంచి వందల కార్లు బయలుదేరతాయి. హోటళ్ళ వారు గదులు నింపుకోవాలని చూస్తారు. టికెట్టు కొన్నవారు కొండ వంక చూస్తూ విసుక్కుంటారు. మూసిన రోజున మంచు జారకపోతే రేంజర్‌ను పిరికివాడంటారు. తెరిచిన రోజున జారితే శవాలు లెక్కపెట్టాలి. సరిగా మూసినందుకు ఎవరూ మెచ్చుకోరు. ఎందుకంటే జరగని ప్రమాదం ఎవరి కంటా పడదు.

అట్‌వాటర్ ఈ చిక్కును గట్టిగానే ఎదుర్కొన్నారు. రోడ్డు మూయడంతో సరిపెట్టకుండా తానే మంచును పేల్చి దించి, ఆ తర్వాత దారి తెరవడం ఆయన ఎంచుకున్న మార్గం. అంచనా ఎక్కడ తప్పిందో పట్టికలో రాయడానికి ఆయన వెనుకాడలేదు. ఆయన వారసులు ఆ పట్టికలను పనికొచ్చే సాధనంగా వాడుకోగలిగారంటే అందుకు ఈ నిజాయితీయే కారణం.

శాస్త్రవేత్త తోడు

అనుభవంతో గీసిన సూత్రాలకు హద్దులున్నాయి. 1952లో ఆల్టాకు వచ్చిన ఎడ్వర్డ్ లాషపెల్ ఆ హద్దులను చూపించారు. 1926లో పుట్టిన ఈ యువ శాస్త్రవేత్త అంతకు ముందే దావోస్‌లోని స్విస్ సంస్థలో శిక్షణ పొందారు. ఆయన అక్కడ ఉన్న 1950-51 చలికాలంలోనే ఆల్ప్స్‌ను మంచుచరియలు ముంచెత్తాయి. ఒక్క స్విట్జర్లాండ్‌లోనే 98 మంది చనిపోయారు.

అట్‌వాటర్ ఆకాశం వంక చూస్తే, లాషపెల్ గొయ్యి లోపలికి చూశారు. ఆల్టాలో తుపానులు పెద్దవి కావడంతో మంచు చాలావరకు తుపాను వేళే జారేది. పది సంకేతాలు అక్కడ బాగానే పలికాయి. కొలరాడో పర్వతాల్లో పరిస్థితి వేరు. అక్కడ మంచు పలుచన, చలి తీవ్రం. నేల వెచ్చగా, పైభాగం అతి చల్లగా ఉండటంతో అడుగు పొర వారాల తరబడి గింజలుగా మారుతూ ఉంటుంది. తుపాను వెళ్ళిన ఎన్నో రోజులకు, ఎండ కాసే మధ్యాహ్నం ఒక స్కీ మనిషి బరువుకు ఆ కొండ కూలవచ్చు. తుపాను లెక్కలు అక్కడ చాలవు. పసిఫిక్ తీరంలో తడి మంచుది ఇంకో తీరు. అందుకే అటవీ శాఖ ఆల్టాతో పాటు కొలరాడోలోని బెర్తూడ్ పాస్, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్‌లలోనూ పరిశీలన కేంద్రాలు నడిపింది. లాషపెల్ రాసిన సమగ్ర కరదీపిక 1961లో వెలువడింది. అట్‌వాటర్ సంకేతాలు అందులో కొత్త వివరణలతో కొనసాగాయి. లాషపెల్ 2007లో మరణించారు.

ఒలింపిక్స్ నుంచి ఆండీస్ దాకా

1960 శీతకాల ఒలింపిక్స్ కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీకి దక్కాయి. 2021 నుంచి పాలిసేడ్స్ టాహోగా పిలుస్తున్న ఆ స్కీ కేంద్రంలో నిట్టనిలువు వాలులు, పసిఫిక్ నుంచి వచ్చే బరువైన తుపానులు రెండూ ఉన్నాయి. పందేలు జరిగే వాలులను, వేలాది ప్రేక్షకులను మంచుచరియల నుంచి కాపాడే బాధ్యతను అట్‌వాటర్‌కు అప్పగించారు. ఆల్టా వదిలి అక్కడికి చేరిన ఆయన ముందుగానే కొన్ని చలికాలాలు ఆ కొండలను చదివారు. ఫిబ్రవరి 18న ప్రారంభోత్సవ వేళ మంచు తుపాను చెలరేగింది. వాల్ట్ డిస్నీ తీర్చిదిద్దిన ఆ వేడుక కూడా తుపాను కారణంగా ఆలస్యమైంది. పోటీలు ముగిసేవరకు మంచుచరియ వల్ల ప్రాణనష్టం జరగలేదు.

1960వ దశకం ఆరంభంలో ఆయన మరో ఆలోచన చేశారు. సైన్యం ఫిరంగులు, గుండ్లు ఎల్లకాలం దొరకవు. పైగా పేలని గుండు కొండ మీద మిగిలితే అదో ప్రమాదం. బేస్‌బాల్ ఆటగాళ్ళ సాధన కోసం గాలి ఒత్తిడితో బంతులు విసిరే యంత్రం ఆయన కంటపడింది. దాన్ని తయారుచేసిన వ్యక్తితో కలిసి, అదే పద్ధతిలో పేలుడు గుళికను కొండ మీదికి విసిరే గొట్టాన్ని రూపొందించారు. అవలాంచర్ పేరిట అది అనేక స్కీ కేంద్రాలకు చేరింది.

1966 ఆగస్టులో ప్రపంచ స్కీ పోటీలు చిలీ దేశంలోని పోర్టిల్లోలో జరగాల్సి ఉంది. అంతకు ఏడాది ముందు, 1965 ఆగస్టులో వచ్చిన తుపానుకు ఆండీస్ మంచు కదిలి అక్కడి లిఫ్టులను తుడిచిపెట్టింది. పోటీలు జరుగుతాయా అన్న అనుమానం తలెత్తింది. అట్‌వాటర్ అక్కడికీ వెళ్ళారు. పోటీలు అనుకున్న ఏడాదే జరిగాయి. ఆ అనుభవంతో 1967లో ఆండీస్ స్నో రేంజర్ల కథ రాశారు. 1968లో వెలువడిన ద అవలాంచ్ హంటర్స్ ఆయన పుస్తకాల్లో ముఖ్యమైనది. మంచుతో తాను నెగ్గిన సందర్భాలతో పాటు భంగపడినవీ ఆయన అందులో చెప్పుకొచ్చారు. 1976లో అట్‌వాటర్ మరణించారు.

ఆయన తర్వాత

అట్‌వాటర్ పద్ధతి కాపలా ఉన్న వాలులకు, రోడ్లకు సరిపోయింది. ఆ హద్దు దాటి, ఫిరంగి చేరని అడవి కొండల్లోకి స్వేచ్ఛగా వెళ్ళేవారి సంఖ్య ఆయన తర్వాత ఎంతో పెరిగింది. అక్కడ రేంజర్ ఉండడు. వెళ్ళే మనిషే రేంజర్. పక్క వాలు మీద తాజాగా జారిన గుర్తులు, కాలు మోపగానే కింద నుంచి గుమ్మని మోత, స్కీల ముందు మంచులో బాణంలా పరుగెత్తే పగులు, హఠాత్తుగా పెరిగిన వేడి, గాలి పోసిన కొత్త గుట్ట. ఇవి కనిపిస్తే వెనుదిరగాలని అక్కడి శిక్షణలో నేర్పుతారు. మంచును స్తంభంలా కోసి, పారను పైన ఉంచి చేత్తో తడుతూ ఎన్నో దెబ్బకు ఏ పొర విరుగుతుందో చూసే పరీక్షలు వచ్చాయి. అయినా పది ప్రాణాంతక ప్రమాదాల్లో సుమారు తొమ్మిదింటిలో మంచును కదిలించింది బాధితుడో, ఆయన బృందంలోని మరొకరో కావడం గమనార్హం. మంచు కింద చిక్కిన మనిషిని 10 నుంచి 15 నిమిషాల్లో తవ్వి తీయగలిగితేనే బతికే ఆశ మెరుగ్గా ఉంటుంది.

ఐరోపా దేశాలు 1993లో ప్రమాద తీవ్రతను ఐదు అంచెలుగా ప్రకటించే విధానానికి వచ్చాయి. చావులు ఎక్కువగా నమోదయ్యేది ఐదో అంచెలో అనుకుంటాం. కాదు, మూడో అంచెలో. ఐదో అంచెలో ఎవరూ ఇల్లు కదలరు. మూడో అంచెలో ఫరవాలేదులే అనుకుంటారు.

మన దేశంలో మంచుచరియల అధ్యయనానికి రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలీ కేంద్రంగా ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. 2020లో అది మరో సంస్థతో కలిసి చండీగఢ్ కేంద్రంగా కొత్త పేరుతో పనిచేస్తోంది. హిమాలయాల్లోని సైనికులకు, రోడ్డు కార్మికులకు హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తాయి. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా గ్రామం వద్ద సరిహద్దు రోడ్ల కార్మికుల శిబిరంపై మంచుచరియ పడింది. చిక్కుకున్న 54 మందిలో 46 మందిని కాపాడగా, 8 మంది చనిపోయారు. ఆ ప్రాంతానికి ముందురోజే హెచ్చరిక వెలువడినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి.

ఆల్టాలో మాత్రం తుపాను తీవ్రమైనప్పుడు రోడ్డుతో పాటు ఇళ్ళ తలుపులు కూడా మూయిస్తారు. కొండల మీద మంచును పేల్చే పని పూర్తయ్యే వరకు ఎవరూ గడప దాటరాదు. దాటితే జరిమానా. 2021 ఫిబ్రవరిలో ఈ నిర్బంధం సుమారు 60 గంటలు సాగింది. స్కీయింగ్ కోసం వచ్చి లాడ్జీల్లో చిక్కిన వందలాది మంది రెండున్నర రోజులు కిటికీల్లోంచి మంచును చూస్తూ గడిపారు.